ఎర్ర టోపీ ఎవరిది?

కిందటి వారం గాట్లీబ్ ఫెన్నర్‌ని మనం సంతోషంగా ఉండగా వదిలేసి వచ్చాం. ఆయన బతుకులో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందుకే మళ్లీ గుర్తుచేస్తున్నాను. డ్యూసెల్‌డార్ఫ్ పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆయన ఏ చిత్రం పంపినా "చింతిస్తున్నాం" అన్న ఒక్క ముక్కతో తిప్పికొట్టిన కళాసంఘం వాళ్లు, ఈసారి ఆయన పంపిన చిన్న నమూనా చూసి "ఆదివారం ఉదయం" చిత్రాన్ని ఎంచుకున్నారు. ఏటా సభ్యులందరికీ అచ్చువేసి పంచే బొమ్మ ఈ ఏడు అదే. అసలు చిత్రం ఆదివారం పోస్టు బండిలో ఎక్కాలి. ఎక్కకపోతే ఆ చోటు ఇంకొకరిది.

ఫెన్నర్ కష్టం ఏమిటో కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక్క మాటలో చెబుతాను. ఆయనకి చెట్టూ కావాలి, మనిషీ కావాలి. అకాడమీలో ప్రకృతి దృశ్యాలు నేర్పే గురువు ఆయన బొమ్మ చూసి, "ఈ జనమంతా ఎవరయ్యా, నా అడవిలోకి ఎందుకొచ్చారు?" అన్నాడు. పల్లె జీవితాన్ని గీయడం నేర్పే గురువు, "మనుషులు బాగున్నారు గానీ ఈ చెట్లు నరికెయ్" అన్నాడు. ఆ దెబ్బతో ఆయన రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. తోటి చిత్రకారులు బీరు తాగుతూ "చెట్టూ-చుట్టమూ ఫెన్నర్" అని పేరు పెట్టారు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఆ పేరు ఇంకా వదల్లేదు.

ఇంతకీ శనివారం మధ్యాహ్నం ఏం జరిగిందో చెప్పాలి.

ఫెన్నర్ ఎండాకాలాలు గడిపే వీజెన్‌బాఖ్ అనే పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే పట్నం నుంచి చిత్రకారులు దిగుతారు, ఊళ్లోవాళ్లు వాళ్ల ముందు కూర్చుంటారు, నిలబడతారు, ఆవుల్ని కూడా నిలబెడతారు. కానీ బొమ్మ ఊరు దాటేముందు ఊరికి చూపించాలి. డోర్తె అనే ఆమె నడిపే సత్రం హాల్లో బల్లలు గోడకి జరిపి, చిత్రాన్ని కిటికీ వెలుగులో నిలబెడతారు. జనం వచ్చి ఎవరికి వాళ్లు తమని వెతుక్కుంటారు.

"అదిగో మా ఆవు!"

"మీ ఆవా? మీ ఆవుకి అంత పొదుగు ఎక్కడిదే? మాది అది."

"నా ముక్కు మీద పుట్టుమచ్చ ఎందుకు పెట్టాడంట ఈయన?"

"ఉంది గనక పెట్టాడు. నువ్వు అద్దం చూసుకోవు, ఆయన నిన్ను చూశాడు."

ఫెన్నర్ పొయ్యి పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, విననట్టు నటిస్తూ అన్నీ విన్నాడు. ఇంతకంటే పెద్ద కళావిమర్శ ఆయనకి అక్కర్లేదు. చిత్రంలో ఊరి గుట్ట ఉంది, బీచ్ జాతి అడవిచెట్లు ఉన్నాయి, చర్చికి ఎక్కే మట్టిదారి ఉంది, దారి మీద ఊరు ఊరంతా ఉంది. నల్లకోట్ల మగవాళ్లూ నల్లలంగాల ఆడవాళ్లూ నడుస్తుంటే, మిగతా టోపీల రంగులన్నీ చెట్ల నీడలో కలిపేసి, వాళ్ల నడుమ ఒకే ఒక్క ఎర్ర టోపీ పెట్టాడు. పెళ్లికాని పిల్లలు సిగ ముడి మీద పెట్టుకునే చిన్న టోపీ, గడ్డం కింద ఎర్ర రిబ్బన్లు. ఆ ఒక్క ఎరుపు కోసం మూడు నెలలు కొట్టుకున్నాడు ఆయన. ఆ ఎరుపు తీసేస్తే ఆ బొమ్మలో ప్రాణం లేదు. అది పెట్టాకే చెట్లూ మనుషులూ మొదటిసారి ఒకళ్లనొకళ్లు తోసుకోవడం మానేశారు.

ఆ టోపీ దగ్గరికి ముందు వెళ్లింది ఊరి మంత్రసాని ముసలమ్మ. కళ్లు చికిలించి, ముక్కు కాన్వాసుకి తగిలేంత దగ్గరగా వంగింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత నిటారుగా నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వంగి చూశారు. వాళ్లూ వెళ్లిపోయారు. ఆవు గురించి వాదించుకున్నవాళ్లు కూడా నోళ్లు మూసుకుని ఒకళ్ల వెనక ఒకళ్లు జారుకున్నారు. పావుగంటలో హాలు ఖాళీ.

మన ఫెన్నర్ ఏమనుకున్నాడో తెలుసా? అంత గొప్పగా ఉంది కాబట్టి మాటలు రాలేదనుకున్నాడు! ఇరవై రెండేళ్లు పొగడ్త కోసం ఎదురుచూసినవాడు తిట్టుని కూడా పొగడ్తగానే వింటాడు మరి.

"చూశావా డోర్తె? నోట మాట రాలేదు ఒక్కళ్లకీ" అన్నాడు మురిసిపోతూ.

సత్రం యజమాని డోర్తె విధవరాలు. మాటకి కత్తెర, మనసుకి వెన్న. ఆమె బల్ల తుడిచే గుడ్డ పక్కన పడేసి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పద్నాలుగు ఎండాకాలాలు ఈ ఊళ్లో నా బంగాళాదుంపలు తిన్నారు ఫెన్నర్ గారూ. కళ్లు ఎక్కడ పెట్టుకున్నారు అన్నేళ్లూ?"

"ఏమైంది?"

"ఆ ఎర్ర టోపీ ఎవరి నెత్తిన పెట్టారు?"

"మార్ట్‌లీస్ నెత్తిన. పెళ్లికాని పిల్లే కదా. పెళ్లికానివాళ్లకి ఎరుపు, పెళ్లయినవాళ్లకి ఆకుపచ్చ. ఆ మాత్రం నాకు తెలియదా?"

"పెళ్లికాలేదు, నిజమే. బిడ్డ మాత్రం ఉంది." డోర్తె గొంతు తగ్గించింది. "ఏడేళ్ల కిందట. పక్క ఊళ్లో మేనత్త దగ్గర పెరుగుతోంది. అలాంటి పిల్ల నెత్తిన ఎరుపు ఉండనివ్వరు ఇక్కడ. చర్చి పెద్దలు ఇంటికొచ్చి తీయించి నల్లది పెట్టిస్తారు. ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చోవాలి. మీరు ఆమెని ఊరి మధ్యలో, ఎర్ర టోపీతో, పాస్టరుగారి వెనకే నడిపించారు!"

ఫెన్నర్‌కి నిజంగానే తెలియదు. మార్ట్‌లీస్ ఎప్పుడు బొమ్మకి కూర్చోవడానికి వచ్చినా పొలం పని గుడ్డే తలకి చుట్టుకుని వచ్చేది. ఆదివారాలు ఆయన చర్చి గుట్ట వెనక కూర్చుని చెట్లు గీసుకునేవాడు. లోపల ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆయనకేం పట్టింది?

"అది ఒకటే అయితే బాగుండేది" అంది డోర్తె. "ఆ టోపీ ఎక్కడిది?"

"మా పెట్టెలోది. చిత్రకారులందరి ఉమ్మడి పెట్టె. అందులో ఇరవై టోపీలున్నాయి. ఎప్పుడో ఎవరో కొన్నారు."

"నడినెత్తిన గుండె బొమ్మ, అటూ ఇటూ రెండు పిట్టలు, కింద పేరు అక్షరాలు. ఒక్క పోగు వదలకుండా దించారు కదా, మహానుభావులు! మంత్రసాని చదివేసింది. అది మార్ట్‌లీస్ టోపీయే. ఆమె నెత్తి మీంచి తీసిందే. అది ఇంట్లో కనబడకూడదని వాళ్లమ్మ మీ పెయింటర్లకి అమ్మేసింది."

ఫెన్నర్ కుర్చీలో కూలబడ్డాడు. జూన్ నెలలో ఒక ఉదయం గుర్తొచ్చింది ఆయనకి. పెట్టెలోంచి చేతికందిన టోపీ తీసి ఆమె సిగ మీద పెట్టాడు. ఆమె మొహం పాలిపోయింది. వెలుగు మారిందనుకుని ఆయన పరదా సర్దాడు. "కదలకు" అన్నాడు. ఆమె కదల్లేదు. పంతొమ్మిది రోజులు కదల్లేదు. ఆ పంతొమ్మిది రోజుల్లో వచ్చిన మొహం ఆయన జన్మలో గీసిన అన్ని మొహాల్లోకీ గొప్పది. అదంతా తన చేతి మహిమ అనుకున్నాడు ఇన్నాళ్లూ.

అంతలో ఊరిపెద్ద కొరెల్ వచ్చాడు. మంచి మనిషే, కాదనను. వర్షం పడితే మొదట విధవల ఇళ్ల కప్పులు చూసొస్తాడు. కానీ కట్టుబాటు దగ్గరికొస్తే గోడ. తన టోపీ తీసి చేత్తో పట్టుకుని, చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"బాగుంది ఫెన్నర్ గారూ. చాలా బాగుంది. నల్లది చేసేయండి."

"నలుపా?" ఫెన్నర్ లేచి నిలబడ్డాడు. "అందరూ నలుపే, ఇదీ నలుపైతే ఏం మిగులుతుంది? బొగ్గుల బస్తా మిగులుతుంది! నా ఎరుపు అది. అది లేకపోతే బొమ్మే లేదు!"

"మీ ఎరుపు మీకుండొచ్చు. ఈ బొమ్మ అచ్చయి వెయ్యి ఇళ్లల్లో గోడకెక్కుతుందట కదా. వీజెన్‌బాఖ్‌లో మంచీ చెడ్డా ఒకటేనని వెయ్యి ఇళ్లకి చెబుతారా? నాకు పెళ్లీడు కూతురుంది. ఈ ఊళ్లో అందరికీ ఉన్నారు. ఆ టోపీ నిలబెట్టుకోవడానికి ఎంత కష్టపడతారో మీకేం తెలుసు?"

"రేపు బండి ఎక్కాలి ఇది!"

"ఎక్కకపోతే నష్టం నాకా? ఇలాగే ఎక్కిందంటే ఈ ఊళ్లో ఇక ఏ పెయింటరు ముందూ ఎవరూ కూర్చోరు. మీ సంఘానికి పాస్టరుగారూ నేనూ ఉత్తరం రాస్తాం."

ఫెన్నర్ హాలంతా తిరిగాడు. పొయ్యిని తన్నాడు, కాలు నొప్పెట్టింది, ఆ నొప్పికి పొయ్యినే తిట్టాడు. ఇరవై రెండేళ్లు! గురువులు, సంఘాలు, సెక్రటరీలు అందరూ అయిపోయారు, ఇప్పుడు టోపీలొచ్చాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇంతమంది ఉండగా ఆ ఒక్క పిల్ల నెత్తినే, ఆ ఒక్క టోపీయేనా?

కొరెల్ ఆయన అలిసేదాకా ఆగి, మెల్లగా అన్నాడు: "ఇంకో దారుంది. టోపీ ఉంచుకోండి. మొహం మార్చండి. పిట్టలు తీసేసి పువ్వులు పెట్టండి. మా ఎల్స్‌బెత్ రేపు పొద్దున్నే ముస్తాబై వస్తుంది. చర్చికి పిలిచే మూడో గంట కొట్టేలోపు పని అయిపోవాలి."

డోర్తె ఫెన్నర్ వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. చిత్రం వైపు చూశాడు. ఎరుపు ఉంటుంది! చెట్లూ మనుషులూ ఉంటారు. మొహం అంటే ఎంత, చింతగింజంత. అచ్చులో ఎవరు పోల్చుకుంటారు?

"సరే" అన్నాడు.

"ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, పని తీరాక మనుషులెవరో మీకు" అని గొణిగి డోర్తె వంటింట్లోకి పోయింది.

ఆదివారం పొద్దున మొదటి గంటకే ఫెన్నర్ సత్రం మేడ మీద తన గదిలో కత్తి పట్టుకున్నాడు. గట్టిపడ్డ రంగుని టర్పెంటైన్ నూనెతో తడిపి గీకాలి. భయపడ్డంత సేపు పట్టలేదు. పంతొమ్మిది రోజుల మొహం పది నిమిషాల్లో గుడ్డకి అంటుకుపోయింది. ముందు కళ్లు పోయాయి, తర్వాత నోరు. టోపీ కింద కాన్వాసు తెల్లగా బయటపడింది. ఆయన కిటికీ తెరిచి నిలబడ్డాడు. "చింతగింజంత" అని తనకి తానే ఇంకోసారి చెప్పుకున్నాడు.

ఎల్స్‌బెత్ వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, బుగ్గలు ఎర్రగా, నోరు ఊరుకోదు.

"నాన్న కదలొద్దన్నాడు. తుమ్మొస్తే ఏం చెయ్యాలి? నా ముక్కు పెద్దగా పెట్టకండేం. మార్ట్‌లీస్ అక్కది ఎలా పెట్టారు? చూడొచ్చా? అయ్యో, ఏమీ లేదిక్కడ!"

"గీకేశాను."

"ఓ" అంది ఎల్స్‌బెత్. బుద్ధిగా వెళ్లి కూర్చుంది. అది ఆమెకి కొత్త.

ఫెన్నర్ గీశాడు. ఒక కన్ను పెట్టి తుడిచాడు. మళ్లీ పెట్టాడు. పిల్ల అందంగానే ఉంది, తప్పు ఆమెది కాదు. కానీ ఆ దారిలో ఆమె చర్చికి పోతున్నట్టు లేదు, తిరనాళ్లకి పోతున్నట్టుంది. పిట్టల మీద పువ్వులు పెట్టబోయి మళ్లీ కంటి దగ్గరికే వచ్చాడు. రెండో గంట కొట్టారు. ఆయన కుంచె విసిరికొట్టి ఇంకోటి తీసుకున్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. మార్ట్‌లీస్ గుమ్మంలో నిలబడింది. చర్చి బట్టల్లో ఆయన ఆమెని మొదటిసారి చూశాడు. నల్లలంగా, నల్లరిబ్బన్లు, సిగ మీద నల్లటోపీ. ఇరవై ఆరేళ్ల పిల్ల వితంతువులా ఉంది.

ఆమె ఎల్స్‌బెత్‌ని చూసింది. తర్వాత చిత్రాన్ని చూసింది. తెల్లగా ఉన్నచోట ఆమె చూపు ఆగిపోయింది.

"నువ్వు నాకు చెప్పాల్సింది!" ఫెన్నర్ అరిచాడు. తప్పు చేసినవాడి గొంతే ముందు లేస్తుంది. "పంతొమ్మిది రోజులు కూర్చున్నావు, ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో టోపీ తీసేవాణ్ని, ఇంకో పిల్లని పిలిచేవాణ్ని! నా బొమ్మ ఏమైందో చూడు!"

"ఇంకో పిల్లని పిలుస్తారనే చెప్పలేదు అయ్యగారూ."

"ఏమిటి?"

"ఏడేళ్లుగా ఆఖరి బెంచీ నుంచి అందరి వీపులూ చూస్తున్నాను. మీరు ఆ టోపీ నెత్తిన పెట్టి, ఊరి మధ్యలో నడిపిస్తున్నానన్నారు. నిజంగా కాకపోతే ఏంలే, బొమ్మలోనైనా నడుద్దాం అనుకున్నాను. మీకు అన్నీ తెలిసే పెట్టారేమో అని కూడా అనుకున్నాను కొన్నాళ్లు. పట్నంవాళ్లకి ఇలాంటివి పట్టవేమో, మీరు నా పక్షమేమో అనుకున్నాను." ఆమె ఒక అడుగు లోపలికి వేసింది. "నిన్న సాయంత్రం డోర్తె పిన్ని చెప్పింది. ఊరిపెద్దతో 'నా ఎరుపు, నా ఎరుపు' అని అరిచారట. నా పేరు ఒక్కసారైనా అన్నారా?"

ఫెన్నర్ నిన్నటి మాటలన్నీ తలచుకున్నాడు. అనలేదు. ఎంత వెతికినా వాటిలో ఆమె పేరు ఎరుపు కోసం తప్ప ఎక్కడా లేదు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"అక్కా, నన్ను నాన్న పంపించాడు..." అంది ఎల్స్‌బెత్, ఏడుపు మొహంతో.

"నిన్నేం అనట్లేదు తల్లీ. కూర్చో."

అసలు టోపీ కిటికీ దగ్గర కొయ్యగుంజ మీద ఉంది. మార్ట్‌లీస్ వెళ్లి దాన్ని తీసుకుంది. పిట్టల మీద వేలితో రాసింది. తర్వాత నల్లరిబ్బన్లు విప్పి, నల్లటోపీ తీసి ఆ గుంజ మీద పెట్టింది.

"మీ పెట్టెలో ఒకటి తగ్గకూడదు కదా."

సిగ మీద ఎర్ర టోపీ పెట్టుకుంది. అద్దం అడగలేదు. గడ్డం కింద ముడి రెండుసార్లు జారింది, మూడోసారి గట్టిగా బిగించింది. ఫెన్నర్ ఆపాలనుకున్నాడు. ఏమని ఆపాలో తెలియలేదు. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆయన కిటికీ దగ్గరికి ఉరికాడు. వీధినిండా జనం చర్చికి ఎక్కుతున్నారు. ఒక్కొక్కళ్లూ వెనక్కి తిరిగి, పక్కకి జరిగారు. మిగతా ఆడపిల్లలు రెండో గంటకే లోపలికి వెళ్లిపోయారు, నల్లకోట్ల నడుమ ఆ ఎరుపు ఒక్కటే గుట్ట ఎక్కింది. తను పెట్టిన చోటు కంటే కాస్త ఎడమకి ఉంది, అక్కడే బాగుంది అని ఆయన కన్ను లెక్కవేసింది. ఛీ, ఇప్పుడు కూడానా అని ఆయన తన్ను తానే తిట్టుకున్నాడు.

మూడో గంట మొదలైంది. ఎల్స్‌బెత్ లంగాలు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. కిందనుంచి పోస్టు బండి బూర వినిపించింది.

"ఫెన్నర్ గారూ!" డోర్తె మెట్ల కింద నుంచి కేకేసింది. "బండి వచ్చింది! బండివాడు ఆగడంట!"

ఆయన చిత్రం వైపు చూశాడు. ఎరుపు ఉంది. దాని కింద ఒక కన్నూ సగం ముక్కూ ఉన్నాయి. పెట్టెలో పెట్టి మేకులు కొట్టడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ కన్నుతోనే పంపినా సంఘం సెక్రటరీ ఎవరిచేతనైనా పూర్తి చేయించుకుంటాడు. పేరు మాత్రం ఫెన్నర్‌దే ఉంటుంది. ఇరవై రెండేళ్లు!

కోటు లేకుండానే మెట్లు దిగాడు.

"పటం ఏదండీ?" బండివాడు పైనుంచి అడిగాడు.

"ఆరలేదు."

"ఆరలేదంటే? వారం దాకా ఇంకో బండి లేదు!"

ఫెన్నర్ అప్పటికే గుట్ట ఎక్కుతున్నాడు. రొప్పుతూ, రంగు చేతులతో, ఈ ఊళ్లో పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆ దారి ఎక్కుతున్నాడు. గంట ఆగిపోయింది. గంట ఆగగానే ఆర్గన్ వాద్యం మొదలవ్వాలి, గుట్ట వెనక కూర్చుని చెట్లు గీసుకున్న ప్రతి ఆదివారం ఆయన విన్నది అదే. ఇవాళ మొదలవలేదు.

చర్చి తలుపు మూసి ఉంది. లోపల్నుంచి కొరెల్ గొంతు వినిపించింది, కోపం కంటే బాధ ఎక్కువ ఉన్న గొంతు.

"అది తీసి నీ చోట కూర్చో అమ్మాయ్. పాట మొదలుపెట్టాలి."

బెంచీలు కిర్రుమన్నాయి. తర్వాత మార్ట్‌లీస్ మాట, వణక్కుండా, తలుపు ఇవతలికి స్పష్టంగా వచ్చింది.

"మొదటిసారి పెద్దలొచ్చి తీశారు, తీయించుకున్నాను. రెండోసారి దీన్ని నా నెత్తిన పెట్టింది ఫెన్నర్ గారు. ఆయన్ని పిలవండి. ఊరందరి ముందూ ఆయన తీయమంటే తీస్తాను."

తలుపు గడియ మీద ఫెన్నర్ చెయ్యి ఆగిపోయింది.